దేవుడి పేరు పెట్టి నేనన్న మాట

మీరెవరో నాకు తెలియదు. నాకు కావాల్సిందీ అదే. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేకే ఇన్నేళ్ళూ దీన్ని మోశాను. మిరపకాయల బస్తా అయితే అవతలి పక్క పట్టుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు. దీనికి ఎవరినీ పిలవలేను. కాబట్టి నవ్వుతూ మోశాను, పాటలు పాడుతూ మోశాను, చర్చిలో ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద కూర్చుని మరీ మోశాను. చూసినవాళ్ళు నన్ను చాలా నెమ్మదిగల మనిషి అనుకున్నారు.

విషయం ముందే చెప్పేస్తాను, నాన్చడం నాకు చేతకాదు. నేను అబద్ధం చెప్పాను. మామూలు అబద్ధమైతే మీ దాకా తెచ్చేదాన్ని కాదు, అవి రోజూ ఆడుతూనే ఉంటాను. పక్క ఊళ్ళో కూలి ఎక్కువిస్తున్నారని ఆసామితో అంటాను. కూరలో నూనె తగ్గించానని మా ఆయనతో అంటాను. ఇది అలాంటిది కాదు. దేవుడు అనని మాటను దేవుడు అన్నాడని చెప్పాను. చెప్పింది ఎవరికో కాదు, సువార్తకు. ఊరు విడిచి మంచి బతుక్కి వెళ్ళాల్సిన మనిషి నా మాట నమ్మి ఇక్కడే ఉండిపోయింది. ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. అడిగినప్పుడల్లా నాకు కాస్త అనుకూలంగా ఉండే జవాబే దొరికేది. ఇవాళ అనుకూలం కాని జవాబు కూడా రాద్దామని కూర్చున్నాను.

నా పేరు రాయను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది. మాది సత్తెనపల్లికి ఆటోలో వెళ్ళి వచ్చేంత దూరంలో ఉన్న ఊరు. ఆసాములవి మిరప చేలు, పత్తి చేలు. మా పల్లెవాళ్ళది వాటిలో కూలి పని, ధైర్యం చేసినవాళ్ళది కాస్త కౌలు సేద్యం. మిరప కోతల కాలంలో మా వీధి ఆడవాళ్ళందరినీ ముఠా కట్టి పొలాలకు తీసుకెళ్ళేది నేనే. నోరు పెద్దది కాబట్టి ఆ పెద్దరికం నాకు వచ్చింది. పదో తరగతి దాకా చదివాను కాబట్టి చర్చిలో స్త్రీల సమాజంలో వాక్యం చదివే పనీ నాకే వచ్చింది. ఈ రెండూ కలిస్తే మనిషికి కొంచెం పొగరు వస్తుంది. నాకు కొంచెం కాదు, బాగానే వచ్చింది.

సువార్త మా ఇంటికి రెండిళ్ళ అవతలకు కోడలిగా వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే వదినా అని పిలిచింది, అదే నిలిచిపోయింది. మిరప కోతలో ఒక సాలుకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి కోస్తాం. కాపురానికి వచ్చిన ఏడాదే ఆమె నా సాలుకు అవతలి పక్కకు చేరింది. ఇక ఆ చోటు ఆమెదే. మా ఆయన మంచివాడే కానీ మాట పొదుపు. పిల్లలు మాకు కలగలేదు. ఇంట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినిపించదు. పొలంలో సువార్త పక్కన ఉంటే పొద్దు ఎలా గూకిందో తెలిసేది కాదు. కాయలు కోస్తూ పాడుతుంది, శ్రుతి ఎక్కడా ఉండదు. ఆసామి నడకను, పాస్టరుగారి దగ్గును, ఆఖరికి తన అత్తగారి గురకను కూడా దించేస్తుంది. మిరప మంటకు చేతులు భగ్గుమంటుంటే కూడా నవ్వించగలదు. ఆ నవ్వు నాకు అలవాటైపోయింది. అలవాటు అనేది చిన్న మాట. ఆమె పనికి రాని రోజున నాకు గంగిరెద్దు లేని సన్నాయిలా ఉండేది, ఎవరి కోసం వాగాలో తెలిసేది కాదు.

ఆ రోజుల్లో చీరాల వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని పాస్టరుగారికి కబురొచ్చింది. నెల జీతం, ఉండటానికి గది, వంటమనిషి పిల్లలకు అక్కడే చదువు. పాస్టరమ్మగారు సువార్త పేరు చెప్పారు. ఆమె భర్త ప్రసాదుకు వాచ్‌మన్ పని కూడా చూస్తామన్నారట. కూతురు కరుణ అప్పటికి చిన్న బళ్ళో చదువుతోంది. పుస్తకం చేతిలో పడితే ఆ పిల్ల అన్నానికి కూడా లేచేది కాదు. ఎవరైనా అయితే ఆ పూటే మూట కట్టుకునేవాళ్ళు. సువార్త కట్టుకోలేదు. పెద్ద విషయం ఏదైనా ప్రభువును అడగకుండా అడుగు వేయకూడదని మా వాళ్ళ పట్టుదల. అడగడానికి ఒక పద్ధతి ఉంది. ప్రార్థనాపరురాలని నమ్మకమున్న మనిషిని ఉపవాసం ఉండమని కోరతాం. ఆమె మూడు రోజులు మంచినీళ్ళతో ఉండి, మోకరించి, ఆయన తన మనసులో ఏం పెట్టాడో వచ్చి చెబుతుంది. ఆ మాట మీద మా పల్లెలో పెళ్ళిళ్ళు కుదిరాయి, కుదిరినవి ఆగిపోయాయి కూడా. సువార్త నన్ను కోరింది. తన సంగతి కాబట్టి తన మనసు తనను మోసం చేస్తుందేమోనని ఆమె భయం. నా మనసు మోసం చేయదని ఆమె అనుకుంది.

సరేనన్నాను. మొదటి రోజు మధ్యాహ్నం మరిది ఇంట్లో ఉండే మా అత్తగారి మందుల కోసం సత్తెనపల్లి వెళ్ళాల్సి వచ్చింది. బస్టాండు పక్కన మస్తాన్ బాబాయి మిరపకాయ బజ్జీల బండి ఉంటుంది. వాము కూరిన బజ్జీని నూనెలోంచి తీసి, నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండుతున్నాడు. ఉపవాసం ఉన్న మనిషి ఆ దారిన నడవకూడదు. నేను నడవడమే కాదు, ఆగాను. ఒక ప్లేటు తిన్నాను. తిన్నదాన్ని ఊరుకున్నానా, ఉపవాసంలో ఉన్నానని ఆయనతో అన్నాను కూడా. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన గరిటె ఆపి నా వైపు చూశాడు. "మా రోజాల్లో పొద్దుగూకిందాకా ఉమ్మి కూడా మింగం తల్లీ. మీ ఉపవాసంలో బజ్జీకి సెలవుందా ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంకో ప్లేటు పెట్టమన్నాను.

ఇక్కడిదాకా వచ్చి మీరు నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోండి. బజ్జీల పాపాన్ని దేవుడు కూడా నవ్వి వదిలేసి ఉంటాడని నా నమ్మకం. అసలు నేరం అది కాదు. మిగతా రెండు రోజులూ నేను మోకరించనే లేదు. ఇంట్లో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాను. లోపల ప్రార్థన జరుగుతోందని వీధిలోవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటూ పోయేవారు. నేను దుప్పట్లు మడతపెట్టాను. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదు? ఆయన మీద నమ్మకం లేక కాదు, ఉండబట్టే. అడిగితే వెళ్ళనివ్వమంటాడని నాకు తెలుసు. ఆయన అన్నాక ఆ మాటను కడుపులో దాచుకుని ఇంకోటి చెప్పేంత తెగువ నాకు లేదు. అందుకని అడక్కుండా చెవులు మూసుకున్నాను.

ఇక ఆ అనుకూలం కాని జవాబు. సువార్తను వదులుకోలేకే అలా చేశానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ప్రేమ అనుకుంటే తప్పు కూడా కాస్త ముద్దుగా కనిపిస్తుంది. నిజమే, వదులుకోలేకే. కానీ పాస్టరమ్మగారు ఆ పనికి ఆమె పేరు చెప్పారని విన్నప్పుడు నాకు కడుపు మండింది. చదువుకున్నదాన్ని నేను ఉండగా ఆమెనెలా అడిగారు? హాస్టలు సరుకుల సంగతి చూసుకోగలిగేది నేను కదా? పిల్లల్లేనిదానికి ఆ గదీ ఆ చదువూ ఎందుకులే అనుకున్నారా? ఈ మాట ఇన్నేళ్ళలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. నాకు రానిది ఆమెకు రాకూడదని నాలో ఎక్కడో ఉంది. ప్రేమ ఎంత, అసూయ ఎంత అని విడదీసి చూపించమంటే నా వల్ల కాదు. రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి.

మూడో రోజు సాయంత్రం కల్లంలో ఎండు మిరపకాయలు పరిచి ఉన్నాయి. మంచు పడకముందే కుప్పచేసి పట్టా కప్పాలని నేను కాయలు దగ్గరికి తోస్తున్నాను. సువార్త వచ్చి కల్లం అంచున నిలబడి చెప్పులు విప్పింది. కాయల్లోకి చెప్పులతో రాకూడదు కాబట్టి విప్పిందో, నా నోట వచ్చేది దేవుడి మాట కాబట్టి విప్పిందో తెలియదు.

"ఏమన్నాడు వదినా?"

"వెళ్ళొద్దన్నాడు."

ఆమె మొహం చిన్నబోయింది. "గట్టిగానే అన్నాడా?"

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు ఆగడం రాదు. "దర్శనం కూడా వచ్చింది సువార్తా. పెద్ద సముద్రం. అలలు. నువ్వు ఒడ్డున నిలబడి ఏడుస్తున్నావు. ఇక్కడేమో పచ్చటి చేను, అందులో నీ చోటు ఖాళీగా ఉంది" అన్నాను. అప్పటికి నేను సముద్రాన్ని క్యాలెండరు మీద తప్ప చూడలేదు.

సువార్త కాయల వంక చూస్తూ, "పిల్ల చదువు కోసం ఆశపడ్డాను వదినా" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "సరేలే. ఆయనకు తెలియదా ఏంటి. ఇక్కడ ఉండమన్నాడంటే ఇక్కడే చూసుకుంటాడు" అని, నా పక్కన చేరి కాయలు తోయడం మొదలుపెట్టింది. కాసేపటికి పాట కూడా ఎత్తుకుంది. ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వేసింది.

ఆ తర్వాత ఆమెకు వచ్చిన కష్టాలు ఒకటా రెండా. ఆ ఏడే ప్రసాదు పత్తి లోడు లారీ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతికింది కానీ కుంటి నడక మిగిలిపోయింది. ఇంకో ఏడు కౌలుకు తీసుకున్న చేలో మిరప పూతకు పురుగు పట్టి, పూతంతా రాలి, ఆకులు ముడుచుకుపోయాయి. ఇంకో ఏడు వానకు ఇంటి గోడ కూలింది. కరుణ పదో తరగతితో చదువు మానేసి, మాతోపాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి వచ్చింది. నర్సునవుతానని ఆ పిల్ల అంటుండేది. ఒక్కొక్కటి జరిగినప్పుడల్లా నేను లోపల లెక్కలు వేసుకునేదాన్ని. చీరాల వెళ్ళి ఉంటే ప్రసాదు లారీ ఎక్కేవాడా? కౌలు పట్టేవాళ్ళా? కరుణ చేతులకు ఆ మంట ఉండేదా? మొదటి రెండింటికీ ఏదో ఒక సమాధానం చెప్పుకున్నాను. కరుణ సంగతికి ఈ రోజుకీ నా దగ్గర సమాధానం లేదు.

సువార్త మాత్రం కుంగిపోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడ్చేది, వీధి చివరికి వినిపించేలా ఏడ్చేది. ఏడుపు అయ్యాక ముక్కు చీదుకుని, "ఉండమన్నది ఆయన. దాటించాల్సిందీ ఆయనే. నాకేంటి" అనేది. టికెట్టు తీసుకున్నవాళ్ళు బస్సులో కూర్చున్నట్టు నిబ్బరంగా ఉండేది. గోడ కూలిన పొద్దున అందరం అయ్యో అయ్యో అంటూ చేరితే, "కిటికీ పెట్టించమని ఎన్నాళ్ళ నుంచో పోరుతున్నా, ఇవాళ్టికి వెలుతురొచ్చింది" అంది. తల పట్టుకుని కూర్చున్న ప్రసాదు కూడా నవ్వాడు. పురుగు పట్టిన ఏడు కూరగాయల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మింది. సాయంత్రం వచ్చి, ఏ ఊళ్ళో ఏ ఆవిడ ఎలా బేరమాడిందో నటించి చూపించేది. ఎంత కష్టమైనా ఆమె దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక తమాషా అయిపోయేది.

ఆదివారం చర్చిలో ప్రభువు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడేది. ప్రభువు నన్ను ఇక్కడ ఉండమన్నాడు, మా వదిన నోట చెప్పించాడు, అందుకే ఇదంతా తట్టుకున్నాను అనేది. అందరూ స్తోత్రం అనేవారు. నేను అందరికన్నా గట్టిగా అనేదాన్ని.

పాపం తీర్చుకోవడానికి తిక్క పనులు కూడా చేశాను. మా చర్చిలో కోత పండుగకు ఎవరి పంటలోంచి వాళ్ళు ఏదో ఒకటి తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పురుగు పట్టిన ఆ ఏడు సువార్త తన పెరట్లో కాసిన ఒకే ఒక గుమ్మడికాయ తెచ్చింది. వేలంలో నాకెవరూ పోటీ లేకపోయినా నా పాటను నేనే పెంచుకుంటూ పోయాను. పాస్టరుగారు కూడా చాల్లే అమ్మా అన్నారు. ఇంటికి తెచ్చి కోస్తే లోపలంతా కుళ్ళు. మా ఆయన ఆ రోజు మాత్రం బాగానే మాట్లాడాడు.

నా పేరు మాత్రం పెరిగిపోయింది. ఈమె అడిగితే దేవుడు పలుకుతాడని చుట్టుపక్కల పల్లెల్లో కూడా అనుకున్నారు. పరీక్షల ముందు పిల్లలు వచ్చేవాళ్ళు, ఆపరేషన్ల ముందు ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. గేదె ఈనడానికి ముందు ఒకామె గేదెను వెంటబెట్టుకుని వచ్చింది. ఒకాయన బోరు ఎక్కడ వేయాలో అడిగి చెప్పమన్నాడు. నీళ్ళు చూసేవాళ్ళను పిలిపించుకోమంటే, ఎంత తగ్గింపో, ఎంత అణకువో ఈమెకు అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ కల్లం దగ్గరి మాట తర్వాత నేను ఎవరితోనూ దేవుడు ఇలా అన్నాడని చెప్పలేదు. నేను ప్రార్థిస్తాను, మీరూ అడగండి అని తప్పించుకునేదాన్ని.

ఒక ఏడు స్త్రీల సమాజం వాళ్ళమంతా చీరాల పక్కన వాడరేవు సముద్రానికి వెళ్ళాం. ప్రార్థన చేసుకుని, చేపల పులుసుతో అన్నం తిని, అందరం నీళ్ళల్లోకి దిగాం. పాస్టరమ్మగారు కూడా చీర పైకి దోపుకుని అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు వేస్తున్నారు. సువార్త మాత్రం పడవలు లాగిపెట్టిన చోట ఆగిపోయి, మా అందరి చెప్పులకూ కాపలా కూర్చుంది. రమ్మంటే రాలేదు. "దర్శనం మర్చిపోయావా వదినా" అంది. నేను నిజంగానే మర్చిపోయాను. నేను ఒక్క నిమిషంలో అల్లిన సముద్రానికి ఆమె అన్నేళ్ళుగా భయపడుతూ ఉంది. నీళ్ళల్లోంచి బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పేద్దామనుకున్నాను. ఎండుచేపల వాసన, పిల్లల గోల, ఇది సమయం కాదనుకున్నాను. అలా అనుకోవడంలో అప్పటికే నాకు మంచి నేర్పు వచ్చేసింది.

ఇంకో సంగతి దాస్తే ఇది ఒప్పుకోలు కాదు. నాకు గర్భసంచి తీసేశారు. తర్వాత జ్వరం పట్టుకుని చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చింది. సువార్త నా కోసం ఉపవాసం ఉంది. నాలాగా కాదు, నిజంగా ఉంది. పని మానితే పూట గడవదు కాబట్టి చేలోకి వెళ్తూనే ఉంది. మిట్టమధ్యాహ్నం సాల్లోనే కళ్ళు తిరిగి పడిపోతే మా ముఠావాళ్ళు నీళ్ళు చల్లి లేపారట. నేను ఇంటికి వచ్చాక కరుణ చెప్పింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా విశ్వాసం ఏపాటిదో నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను లేచి కూర్చున్నానంటే ఆమె విశ్వాసాన్ని పట్టుకుని లేచాను. రోజూ సాయంత్రం వచ్చి, నా చెయ్యి పట్టుకుని, దేవుణ్ణి ఎదురింటి మనిషిని పిలిచినట్టు పిలిచి మాట్లాడేది. ఈమెను లేపకపోతే నాకు సాల్లో జత ఎవరు, నువ్వే చెప్పు అని నిలదీసేది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. ఆమె వెళ్ళాక అదే దుప్పట్లో ఏడ్చేదాన్ని.

అప్పుడు ఆలోచించేదాన్ని. ఈమె ధైర్యం నేను చెప్పిన అబద్ధంతో మొదలైంది. అలాంటప్పుడు ఈమె ఇన్నేళ్ళూ నమ్మింది ఎవరిని, ఆయన్నా, నన్నా? ఆయన్నే అయితే నా అబద్ధాన్ని లాగేసినా అది నిలుస్తుందా? నిలవకపోతే, ఇన్ని కష్టాల్లో ఆమెకున్న ఒక్క ఆధారాన్ని లాగేసే హక్కు నాకు ఉందా? ఈ ఆఖరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. అది వేసుకున్నప్పుడల్లా నేను మంచిదాన్నని అనిపిస్తుంది. నిజానికి అది నోరు మూసుకుని ఉండటానికి నాకు దొరికిన సాకు.

ఈ ఏడు కోతలు అయిపోవస్తుండగా కరుణ ఫోన్ చేసింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే అబ్బాయితో దానికి పెళ్ళయింది, కవల పిల్లలు పుట్టారు. నా ఒక్కదాని వల్ల కావడం లేదు, నువ్వూ నాన్నా వచ్చి ఇక్కడే ఉండిపోండి అంది. సువార్త ఆ పూటే మా ఇంటికి వచ్చింది. "మళ్ళీ అడుగు వదినా. నువ్వడిగితేనే నాకు నమ్మకం" అంది. అయినా సరేనన్నాను.

ఈసారి ఉపవాసం నిజంగా ఉన్నాను. మొదటి పూటకే తల పగిలిపోయింది. మా ఆయన తినే పప్పుచారు వాసనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోకరిస్తే మోకాళ్ళు లేవనివ్వలేదు, మంచం కోడు పట్టుకుని లేవాల్సి వచ్చింది. అడిగాను. చాలాసార్లు అడిగాను. నాకు ఏమీ వినిపించలేదు. వెళ్ళమనీ లేదు, ఉండమనీ లేదు. ఆమె గురించి అడగబోయిన ప్రతిసారీ నేను చేసిన పనే ఎదురొచ్చి నిలబడింది. ఆయన మాట్లాడటమంటే అదేనేమో. నేను మాత్రం ఇక ఆయన పేరు మీద ఏదీ గట్టిగా చెప్పలేను.

మూడో రోజు నేనే ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని తొడిమలు తీస్తోంది. పక్కన కూలబడి చెప్పేశాను. తిన్న బజ్జీలు, మడతపెట్టిన దుప్పట్లు, లేని సముద్రం, ఆ పని ఆమెకు వచ్చిందని నాకు మండిన సంగతి, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

నాతో అన్నట్టు కాకుండా అంది. "కరుణ వాళ్ళ నాన్న పడిపోయినప్పుడు ఆస్పత్రి వరండాలో నిలబడి దేవుడి మీద కేకలేశాను. ఉండమన్నది నువ్వే గదా, ఇప్పుడు నువ్వే చూడు అని. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను. అసలు ఆయన అననే లేదా? పాపం, ఒక్క ముక్క ఎదురు చెప్పకుండా పడ్డాడే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆమె నవ్వలేదు. గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం చర్చిలో వేరే చాప మీద కూర్చుంది. సాక్ష్యాల సమయంలో లేచింది. అందరి ముందూ చెప్పేస్తుందనుకున్నాను. మనవళ్ళను ఇచ్చినందుకు ప్రభువుకు వందనాలు అని చెప్పి కూర్చుంది. నా పేరు ఎత్తలేదు, మంచికీ చెడుకీ. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అది దయ అనుకునే ధైర్యం నాకు లేదు. నా పేరు పలకడమే ఆమెకు ఇష్టం లేదేమో. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. నాకు అర్హత లేదమ్మా అంటే, చూశావా ఎంత తగ్గింపో అని పక్కవాళ్ళతో అంటున్నారు. మీకు ఇదంతా రాయడానికి అది కూడా ఒక కారణం.

కొన్నాళ్ళకు సువార్త నీళ్ళ ట్యాంకు దగ్గర ఎదురుపడి, "నేనే అడిగాను. ఏమన్నాడో నీకు చెప్పను" అంది. ఆ వారమే వాళ్ళు మూటలు కట్టుకున్నారు.

బస్సెక్కే రోజు రోడ్డు దాకా నేనూ ఒక సంచీ మోసుకుంటూ వెళ్ళాను. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ముగ్గురం మూటలు దించి రోడ్డు పక్కన నిలబడ్డాం. దూరంగా బస్సు కనిపించాక ఇక ఆగలేకపోయాను.

"వెళ్ళొద్దే సువార్తా. నువ్వు లేకపోతే నాకు దిక్కు తోచదు. దేవుడు కాదు, నేనే అంటున్నాను."

ప్రసాదు తల దించుకుని మూటల ముడులు చూసుకుంటున్నాడు. సువార్త నా మొహంలోకి చూసింది. నేను చెప్పిన రోజు నుంచి అలా చూడటం అదే మొదలు.

"ఆ ముక్క అప్పుడే అనుంటే, నీ కోసమే ఉండిపోయేదాన్ని గదా వదినా" అంది. బస్సెక్కింది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదు, మా సువార్త దాచేపల్లి వెళ్ళింది, వెళ్ళొద్దని నేనన్నాను అని చెప్పాను. అడిగిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాను. చెబుతున్నకొద్దీ ఒళ్ళు తేలికైంది.